తొట్టెలకు ముందు

బిడ్డ గుడ్డలు పిండి దండెం మీద వేయబోతే పూర్ణిమకు ఎడమ చెయ్యి లేవలేదు. రొమ్ము రాయిలా బిగిసింది. చంక దాకా మంట. చలిజ్వరంతో పళ్లు కొట్టుకుంటున్నాయి. పురుటి మైల అని వంటింట్లోకి రానివ్వరు కానీ, బట్టల బకెట్‌కు ఆ మైల అంటదు.

"పాలు గడ్డకట్టినయి పిల్లా, వేడి గుడ్డతోని కాపుకో," అంది అత్త సంగమ్మ. "మేం కనలేదా? బిడ్డను తొట్టెల ఏసే పండుగ కాకముందు గడప దాటితే బిడ్డకు గాలి సోకుతది."

పూర్ణిమ ఎమ్మెస్సీలో పని చేసింది ఇలా చీము పట్టించే బాక్టీరియా మీదే. కొద్దిగా ఉన్నప్పుడు అవి ఒంటిని కరుచుకుని నక్కి ఉంటాయి. గుంపు పెరిగిందని ఒకదానికొకటి తెలుపుకున్నాక వాటిలో ఒక ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. పట్టుకునే పని తగ్గించి విషం తయారు చేయిస్తుంది. ల్యాబ్‌లో నెత్తురు కలిపిన పళ్లెంలో బాక్టీరియా మచ్చ చుట్టూ ఎరుపు కరిగిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఆ ఆర్‌ఎన్‌ఏ తీసేసిన బాక్టీరియా పక్కనే పెరిగినా, దాని చుట్టూ ఎరుపు అలాగే ఉండేది. ఇప్పుడు రవికె తీసి చూసుకుంటే ఎర్రటి చర్మం నడుమ నల్లబడుతోంది. ఇక కాపడాలతో తగ్గేది కాదు. చీము తీసి మందు పడకపోతే విషం నెత్తురులోకి ఎక్కుతుంది.

రాత్రి భర్త మహేష్‌కు ఇదంతా చెప్పింది. ప్లాట్ల బేరం ఫోన్ పక్కన పెట్టి విన్నాడు, నవ్వాడు.

"నీ ఎమ్మెస్సీ పరీక్షలు ఎప్పుడో అయిపోయినయి తియ్యి. ఆదివారం తొట్టెల. చుట్టాలందరికి చెప్పినం. నువ్వు దవాఖానల పండుకుంటే అమ్మ ఇజ్జత్ ఏంగావాలె? జర ఓర్సుకో."

ఓర్చుకోవడం ఆమెకు కొత్త కాదు. ఈ ఇంట్లో ఆమెకు వచ్చిన మంచి పేరంతా దానిదే. చచ్చినా ఆ పేరే చెప్పుకుంటారని మొదటిసారి తోచింది.

తెల్లారి బిడ్డను శాలువాలో చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"యాడికే? దాటకు!" సంగమ్మ అరిచింది.

"దవాఖానకు, అత్తమ్మా."

మొయినాబాద్ రోడ్డు మీద ఆటో ఆపింది. డ్రైవర్ సైదులు ఆమె ముఖం చూసి బిడ్డను తానే అందుకుని, ఆమె సీటులో కూర్చున్నాక ఒళ్లో పెట్టాడు.

"చేవెళ్ల దవాఖానకా అక్కా? పోవుడు, రావుడు రెండిటికి కిరాయి మాట్లాడుకుందమా?"

పూర్ణిమ బిడ్డను కుడి రొమ్ముకు హత్తుకుంది.

"పోవుడే," అంది.