ఆగిన చెయ్యి

బుధవారం టీకాల రోజు. పదకొండయ్యేసరికి సబ్‌సెంటర్ వరండాలో ఇంకా పద్నాలుగు మంది చంటిపిల్లలు మిగిలి ఉన్నారు. ఒకడు ఏడుపు మొదలుపెడితే మిగతావాళ్ళందరూ అందుకుంటున్నారు. లోపల బల్ల దగ్గర నిలబడి సిరంజిలోకి మందు లాగుతున్న స్టెల్లాకి ఆ ఏడుపులు ఎక్కడో కాలవ అవతలి నుంచి వస్తున్నట్టున్నాయి. తన గుండె చప్పుడు మాత్రం చెవుల్లోనే ఉంది.

సఖినేటిపల్లికి దగ్గర్లోని ఆ గోదావరి లంక ఊళ్ళో ఆమె పన్నెండేళ్ళుగా నర్సు. ఎవరింట్లో గర్భిణి ఉందో, ఎవరికి షుగరో, ఎవరు మాత్రలు మింగకుండా గూట్లో దాస్తున్నారో అన్నీ తెలుసు. భర్త శ్యామ్ బాబు కువైట్‌లో డ్రైవరు. కూతురికి పదో తరగతి పరీక్షలు. అత్తగారు జ్ఞానమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. రెండు నెలల నుంచి వీటికి తోడు ఇంటింటి సర్వే వచ్చి పడింది. పగలంతా గడప గడపా తిరగడం, సాయంత్రం ఆ వివరాలన్నీ ఫోన్లో ఎక్కించడం. ఎక్కించినవి ఎక్కలేదంటూ మళ్ళీ పైనుంచి మెసేజీలు.

దడ అప్పుడే మొదలైంది. మొదట్లో మెట్లెక్కితే వచ్చేది. తరవాత ఫోను మోగితే వచ్చేది. ఇప్పుడు ఊరికే కూర్చున్నా వస్తోంది. నర్సు కాబట్టి అదేమిటో తెలియక కాదు. తను పనిచేసే సబ్‌సెంటర్‌కి పైనున్న ఆస్పత్రి డాక్టరమ్మ ఎప్పుడో బీపీ మాత్రలు రాసిచ్చింది. కానీ ఆదివారం ఆరాధనలో ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి, ఎవరింట్లో కష్టమొచ్చినా వెళ్ళి ప్రార్థన చేసి వచ్చే మనిషి, తనకే భయంగా ఉందని ఎవరితో చెప్పుకుంటుంది? విశ్వాసం తక్కువై ఇలా అవుతోందనుకుంది. ఈస్టరుకి ముందు నలభై శ్రమదినాలు రాగానే ఉపవాసం పట్టింది. ఒంటిపూట భోజనం. బుధ, శుక్రవారాలు అదీ లేదు. ఖాళీ కడుపున మింగితే మంటగా ఉందని మాత్రలు మానేసింది. కోడి కూయకముందే లేచి మోకాళ్ళూని, "ప్రభువా, ఈ ఒక్క రోజూ నిలబెట్టు" అని అడిగేది. రోజూ అదే మాట.

బల్ల మీద ఫోను మళ్ళీ కదిలింది. 'మధ్యాహ్నంలోపు సర్వే పూర్తి చేయనివారి పేర్లు పైకి పంపబడును.' స్టెల్లా చదివి ఫోను బోర్లించింది. బల్లకి ఇవతల మంగాయమ్మ మనవణ్ణి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. తల్లికి జ్వరమని తనే తీసుకొచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"కాలు గట్టిగా పట్టుకోండి మంగాయమ్మగారూ," అంది స్టెల్లా.

"ఆయ్," అని ఆవిడ పట్టుకుంది.

దూదితో తొడ తుడవబోయి స్టెల్లా చెయ్యి ఆగిపోయింది. తొడ మీద ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది. అప్పుడే ఆరుతున్న నెత్తురు.

వీడికి వేసేసింది. రెండు నిమిషాల క్రితం తన చేత్తో తనే వేసింది. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ఆ రెండు నిమిషాలు దొరకడం లేదు. కార్డు తీసి చూసింది. అందులో తన సంతకం ఉంది. సిరా ఇంకా తడిగానే ఉంది.

మంగాయమ్మ ఏమీ గమనించలేదు. పిల్లలకి రెండు మూడు సూదులు మామూలేనని ఆవిడకి తెలుసు. ఆశా కార్యకర్త దుర్గ గుమ్మం దగ్గర పేర్లు పిలుస్తూ అటు తిరిగి ఉంది. ఈ గదిలో ఈ సంగతి తెలిసింది ఒక్క స్టెల్లాకే. వెయ్యకుండానే ఆగిపోయింది కదా. సిరంజి పక్కన పడేసి తరవాతి పిల్లని పిలిస్తే అయిపోతుంది.

ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఇంకొక్క గంట..." అనబోయింది. మధ్యలోనే ఆపేసింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ కార్డే ఉంది. రెండు నిమిషాల కిందటిది గుర్తులేని మనిషి ఇంకా పద్నాలుగు మందికి వెయ్యాలి.

సిరంజి ట్రేలో పెట్టేసింది. "దుర్గా, మందుల పెట్టె మూత పెట్టెయ్. ఇక నేను వెయ్యను."

"అదేంటి మేడమ్ గారూ, బయట ఇంతమంది ఉన్నారు కదండీ?"

"డాక్టరమ్మగారికి ఫోన్ చేస్తాను. వేరే ఎవరినైనా పంపమంటాను. వాళ్ళని కొంచెం కూర్చోమను."

ఫోన్లో అంతా చెప్పింది. "పక్క ఊరి నర్సుని పంపిస్తున్నాను. మీరు ఆటో ఎక్కి ఆస్పత్రికి రండి," అంది డాక్టరమ్మ.

స్టెల్లా స్టూలు లాక్కుని మంగాయమ్మ ఎదురుగా కూర్చుంది. నిలబడి చెప్పే ఓపిక లేదు.

"మంగాయమ్మగారూ, ఇందాకే బాబుకి టీకా వేసేనండి. మర్చిపోయి మళ్ళీ వెయ్యబోయేను. వెయ్యలేదు. బాబుకి ఏమీ కాదు. కానీ మీకు చెప్పాలి."

ఆవిడ మనవడి తొడ వంక, ట్రేలో ఉన్న సిరంజి వంక మార్చి మార్చి చూసింది. బాబుని గుండెలకి అదుముకుంది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదాండీ?"

"తెలిసేది కాదండి."

"మరెందుకు చెప్పేరు?"

"బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారండి."

మంగాయమ్మ లేచింది. "మా కోడలి పురుడు దగ్గర మీరు చేసింది నేనేం మర్చిపోలేదు. కానీ వీడికి ఇంక మీ చేత వేయించనండి," అంది. గొంతు పెంచలేదు. వరండాలో వాళ్ళకి ఏం చెప్పిందో గాని, స్టెల్లా బయటికి వచ్చేసరికి అందరూ పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. తల్లులంతా చూస్తుండగా ఆటో దాకా నడిచింది.

ఆస్పత్రిలో బీపీ నూట ఎనభై చూపించింది.

"మాత్రలు?"

"మానేసేనండి."

"ఇంకెవరికైనా ఈ అంకె వస్తే వాళ్ళని డ్యూటీకి పంపిస్తారా మీరు?" అంది డాక్టరమ్మ. "వారం సెలవు. జరిగింది కాగితం మీద రాసివ్వండి. నేను దాచలేను, పైకి పంపాలి."

"ఆయ్," అంది స్టెల్లా. రాసేటప్పుడు ఒక్క ముక్క కూడా తగ్గించలేదు.

ఇంటికొచ్చేసరికి మూడయింది. జ్ఞానమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఉపవాసాల విషయంలో ఆవిడ చాలా గట్టి మనిషని స్టెల్లాకి భయం. జరిగినదంతా చెప్పి, "ఉపవాసం వదిలెయ్యాలి అత్తయ్యగారూ. ఏమన్నా తినాలి," అంది తల దించుకుని.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి, అన్నంలో చారు పోసి, పక్కన వేయించిన అప్పడం పెట్టి తెచ్చింది. కోడలు సగం తిన్నాక మొదలుపెట్టింది.

"ఊడ్పులకి కూలికెళ్ళే రోజుల్లో నడుం పట్టేస్తే గట్టెక్కి కూర్చునేదాన్ని. మేస్త్రి అరిచేవోడు. దేవుడు మాత్రం ఎప్పుడూ అరవలేదమ్మా. నువ్వు ఆయన్ని కూడా మేస్త్రి అనుకుంటున్నట్టున్నావు."

స్టెల్లా చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. రెండు నెలల్లో మొదటిసారి కళ్ళనీళ్ళు వచ్చాయి. జ్ఞానమ్మ మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. ఓదార్చలేదు.

ఆ వారం తేలిగ్గా గడవలేదు. మూడోరోజు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. చదువుతుంటే దడ మళ్ళీ మొదలైంది. ఫోను ఇంట్లో పెట్టేసి కాలవగట్టు మీద నడిచింది. ఊపిరి లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు. రోగులకి తను చెప్పేదే, తను ఎప్పుడూ చెయ్యనిది. పొద్దున్న టిఫిన్ తినడం, మాత్ర మింగడం, తొమ్మిదింటికల్లా పడుకోవడం మొదలుపెట్టింది. ప్రార్థన కూడా మారింది. నిలబెట్టమని అడగడం మానేసి, ఏది భయంగా ఉందో పేరు పేరునా చెప్పుకుంది. చెప్పడం అయిపోయాక అలాగే ఊరుకునేది. డాక్టరమ్మని అడిగి సర్వేలో సగం వీధులు ఇంకొకరికి ఇప్పించుకుంది. అడగటానికి ధైర్యం చాలక రెండుసార్లు ఫోన్ పెట్టేసి, మూడోసారి అడిగింది.

తరవాతి వారం శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల కూడిక. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మగారు అలవాటుగా ఆమె వైపే చూశారు. స్టెల్లా లేచి ఎర్రచుక్క సంగతి, మాత్రల సంగతి, తన భయం సంగతి చెప్పింది. "ఈ రోజు నేను ఉపవాసం లేనండి. తినే వచ్చేను," అంది.

వెనక నుంచి ఒకావిడ, "ఉపవాసం వల్ల ఎవరికీ చెడు జరగదండి," అంది. "నిజమేనండి. నేను చేసింది ఉపవాసం కాదు, నన్ను నేను శిక్షించుకోవడం," అని స్టెల్లా కూర్చుంది. చెవులు వేడెక్కిపోయాయి. పాస్టరమ్మగారు పాట ఎత్తుకున్నారు.

కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే శారోన్ దగ్గరికొచ్చింది. రాజోలులో ప్రైవేటు బళ్ళో టీచరు. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆంటీ, నాకు బడి గేటు కనబడితే చాలు, చేతులు చల్లబడిపోతున్నాయండి. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

స్టెల్లా ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నిజంగానే చల్లగా ఉంది.

"రేపు పొద్దున్నే ఇంటికి రామ్మా, బీపీ చూస్తాను. తరవాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం," అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఏదో ఒకటి తినేసి రా."