మందు ఉంది, కోనాపురం

నేను ఒక స్పాన్ ట్యాగును. వెబ్ పేజీలో మాటలను పట్టుకొని ఉంటాను. నన్ను మీరెవరూ చూసి ఉండరు. చూసినా నాకు ఒరిగేదేమీ లేదు. మనుషులంటే నాకు గిట్టదు. ఎందుకో చెబుతాను.

మాలో రెండు జాతులున్నాయి. డివ్ అనే ట్యాగుది బ్లాకు జాతి. దానికి అడ్డంగా వరుసంతా కావాలి. తరువాత వచ్చేది కిందికి దిగాల్సిందే. నేను ఇన్‌లైన్ జాతి. నా మాట ఎంత ఉంటే అంతే చోటు. పక్కవాడిని ఆనుకొని నడుస్తాను. వరుస నిండితే కింది వరుసలోకి జారతాను. నాకు వెడల్పు నిర్ణయించినా చెల్లదు. ఇందులో దాపరికమేమీ లేదు.

హైదరాబాదులో తారకేశ్ అనేవాడు నన్ను రాశాడు. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పే పేజీ అది. ఆసుపత్రి పేరు ఒక స్పాన్, పక్కన ‘మందు ఉంది’ లేదా ‘మందు లేదు’ ఇంకో స్పాన్. మల్లారం ఆసుపత్రి పక్కన ‘మందు ఉంది’ అనేది నేను. నాకు వెడల్పు పెట్టాడు. నేను కదల్లేదు. “దరిద్రపు ట్యాగు!” అని తిట్టి, తన పెద్ద తెర మీద వరుస కుదిరేదాకా అక్షరాల సైజు మార్చాడు.

పేజీని పరీక్షించే హసీనా అడిగింది. “ఫోన్‌లో చూశావా? ఒక్కో ఆసుపత్రిని డివ్‌లో పెట్టరాదూ?”

“అందరికీ అర్థమైతది, వదిలెయ్,” అన్నాడు.

వానాకాలంలో లచ్చవ్వ పత్తి చేనులో కలుపు తీస్తుంటే రక్తపింజర చేతిని కాటేసింది. తమ్ముడు ఓదెలు ఆమెను ఆటోలో కూర్చోబెట్టి ఫోన్‌లో మా పేజీ తెరిచాడు. ఆ ఇరుకు తెర మీద మల్లారం పేరు పై వరుసలో ఆగిపోయింది. నేను కిందికి జారాను. నా పక్కకు జాబితాలో తరువాతి ఆసుపత్రి కోనాపురం వచ్చి చేరింది. దాని ‘మందు లేదు’ ఇంకా కిందికి పోయింది. ‘మందు ఉంది, కోనాపురం ఆసుపత్రి’ అని చదువుకున్నాడు ఓదెలు.

కోనాపురంలో నర్సు తల అడ్డంగా ఊపింది. “మందు అయిపోయి వారమైంది. మల్లారం పోండ్రి, ఆడ ఉంది.”

మల్లారం చేరేసరికి రెండు గంటలు పోయాయి. లచ్చవ్వ ప్రాణం దక్కింది, రెండు వేళ్ళు దక్కలేదు.

ఓదెలు పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. హసీనా ఎత్తింది. “చదువు రానోణ్ణి గాదు మేడం. సక్కగనే చదివిన. నాదేనా తప్పు?”

ఆమె చెప్పింది. “నువ్వు సరిగ్గానే చదివావన్నా. తప్పుగా రాసింది మేము.”

తారకేశ్ మాత్రం పైఅధికారికి “బ్రౌజర్ లోపం సార్,” అని చెప్పాడు. హసీనా తన ఫోన్‌లో పేజీ తెరిచి ఇద్దరి ముందూ బల్ల మీద పెట్టింది. ఆ మధ్యాహ్నమే ప్రతి ఆసుపత్రినీ దాని మందు సంగతితో కలిపి ఒక డివ్‌లో కూర్చోబెట్టి, నన్ను తీసేసింది. ఆమె మీద నాకు కోపం లేదు.

ఇప్పుడు ఆ పేజీ పాత ప్రతుల గుట్టలో పడి ఉన్నాను. తారకేశ్‌కు ఇప్పుడు రక్తనిధుల జాబితా అప్పగించారట. పొద్దున్నే మొదలుపెట్టాడు. మొదటి వరుసలోనే స్పాన్ అని కొట్టాడు.