ముప్ఫై రెండున్నర అనుకున్నాను

పందెం నియమం ఒక్కటే. ఐదు కిలోమీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తుతామో ముందే చీటీ మీద రాసి ఇవ్వాలి. వాచీ పెట్టుకోకూడదు. ఫోన్ దగ్గర ఉంచుకోకూడదు. ఎవరి అంచనా అసలు టైమ్‌కి దగ్గరగా ఉంటే వాళ్ళదే బహుమతి. వేగంగా పరిగెత్తినవాళ్ళకి ఏమీ రాదు. మేముండే పిస్కాటవేలో నది పక్కనున్న పార్క్‌లో మా తెలుగువాళ్ళ రన్నింగ్ గ్రూప్ ఏడాదికోసారి ఈ పందెం పెడుతుంది. గ్రూప్‌లో వేగం లేనివాళ్ళు ఎక్కువ కాబట్టి దీనికి ఆదరణ ఉంది.

నాకు బహుమతితో పని లేదు. నా భార్య సుమతికి ఒక విషయం రుజువు చెయ్యాలి. ముప్ఫై సెకన్ల తేడా లోపల చెప్పగలిగితే నవంబర్‌లో జరిగే మారథాన్‌కి పేరు ఇచ్చుకోవచ్చు. చెప్పలేకపోతే లేదు. మారథాన్ రిజిస్ట్రేషన్ ఈ పందెం జరిగే ఆదివారంతోనే ముగుస్తుంది.

ఈ ఒప్పందానికి కారణం కిందటి అక్టోబర్. ఒక హాఫ్ మారథాన్‌లో పదో మైలు దగ్గర, ఎవరిదో ఇంటి మెయిల్‌బాక్స్ పక్కన పడిపోయాను. ఆ రోజు కాలం కాని కాలంలో ఎండ కాసింది. పడిపోయే ముందు చూసినప్పుడు వాచీ నా గుండె వేగం నూట యాభై రెండు అని చూపించింది. పరుగులో నాకది మామూలే. కాబట్టి మామూలుగానే ఉన్నానని తేల్చుకుని ముందుకు సాగాను. పట్టీ వదులై, వాచీ గుండెను వదిలేసి అడుగులు లెక్కపెట్టిందని తరవాత తెలిసింది. ఆసుపత్రిలో డాక్టర్, పడిపోయే ముందు మీకు ఎలా అనిపించింది అని అడిగింది.

"నూట యాభై రెండు," అన్నాను.

సుమతి పక్కనే నిలబడి ఉంది.

గుండెకేమీ కాలేదని డాక్టర్లు రాసిచ్చారు. సుమతి అనుమానం గుండె మీద కాదు.

"నీకు ఎలా ఉందో నీకు తెలీదు అమర్," అంది ఇంటికి వచ్చాక. "వాచీకి తెలుసనుకున్నావ్. దానికీ తెలీదు. ఇంక తెలిసింది ఎవరికి?"

నేను ఒక మందుల కంపెనీలో ట్రయల్స్ డేటా సరిచూస్తాను. రోగి తన స్థితి గురించి రాసుకున్నదానికి, యంత్రం చూపిన అంకెకి పొంతన కుదరకపోతే ఒకదాన్ని వెనక్కి పంపి మళ్ళీ అడగాలి. పదిహేనేళ్ళుగా నేను రోగిదే వెనక్కి పంపుతున్నాను.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి చీటీ మీద ముప్ఫై ఒకటిన్నర నిమిషాలు అని రాసి, ఖాళీ పెరుగు డబ్బాలో వేశాను. వాచీని, ఫోన్‌ని నా నంబర్ రాసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి భాస్కర్‌కి ఇచ్చాను. గ్రూప్ నడిపేది భాస్కరే. సుమతి టిఫిన్ల టేబుల్ వెనక ఇడ్లీలు సర్దుతోంది.

"అన్నా, ఇవాళ నువ్వు ఓడిపోతే వదిన మాకు స్వీట్ పెడ్తా అన్నది," అన్నాడు భాస్కర్.

"గెలిస్తే?"

"గెలిస్తే వట్టి ఇడ్లీనే."

పరుగు టైమ్ చూపే క్లాక్ దగ్గర భాస్కర్ మామగారు రాజగోపాల్ గారు నిలబడ్డారు. ఆయన రైల్వేలో గార్డుగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. టైమ్ విషయంలో అంతకన్నా నమ్మదగినవాళ్ళు గ్రూప్‌లో లేరని ఆయనకే ఆ పని అప్పజెప్పారు. జెండా ఊపడానికి ముఖ్య అతిథిగా కిరణ్‌కుమార్ గారు వచ్చారు. ఆయన ఇళ్ళు అమ్మిపెడతారు. టీషర్టుల డబ్బు ఆయనదే, కాబట్టి టీషర్టుల మీద ఫోటో కూడా ఆయనదే. అరవై మందిమి ఆయన్ని వీపున వేసుకుని గీత దగ్గర నిలబడ్డాం. జెండా కిందికి దిగింది. పరిగెత్తాం.

వాచీ లేకుండా పరిగెత్తితే మొదట జరిగేది ఏమిటంటే, మనసు వాచీలా నటించడం మొదలుపెడుతుంది. ఇప్పుడు నాలుగు నిమిషాలు అయ్యుంటుంది అంటుంది. ఎందుకు నాలుగు అని అడిగితే చెప్పదు. రెండో కిలోమీటరు దగ్గర దాన్ని పట్టించుకోవడం మానేశాను. అప్పుడు వేరే సంగతులు తెలియడం మొదలైంది. కుడి పిక్క బిగుసుకుంది. సాకర్ మైదానం పక్కన ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి అందక కొంత దూరం నడిచాను. నడిచిన ఆ దూరం పరిగెత్తిన దూరం కన్నా పొడుగ్గా అనిపించింది, కాబట్టి అందులో కొంత తీసేయాలనుకున్నాను. ఎంత తీసేయాలో కూడా తెలిసినట్టే ఉంది. చివరి మలుపు తిరిగేసరికి నాకు ఒక విషయం ఖాయమైపోయింది. నేను ఆలస్యమయ్యాను. చీటీలో రాసినదానికన్నా నిమిషం ఎక్కువే పట్టింది.

గీత దాటగానే భాస్కర్ నీళ్ళ సీసా చేతికిచ్చాడు. క్లాక్ మాకు కనిపించకుండా అటు తిప్పి పెట్టారు.

"ఎంతయి ఉంటదనుకుంటున్నవ్ అన్నా?"

"ముప్ఫై రెండున్నర. పోయింది."

"అంత లేదులే," అంటూ వెళ్ళి కాగితం చూసి వచ్చాడు. "ముప్ఫై ఒకటి పద్దెనిమిది. పన్నెండు సెకన్లే తేడా. బహుమతి రాదుగానీ వదిన దగ్గర గెలిచినవ్."

చాలా సంతోషం వేసింది. ఆలస్యమయ్యానన్న నమ్మకం ఏ ప్రతిఘటనా లేకుండా వెళ్ళిపోయింది. టిఫిన్ల టేబుల్ దగ్గరికి వెళ్ళి సుమతికి చెప్పాను.

"పన్నెండా?" అంది. నా మొహం కాసేపు చూసింది. "సరే. మాటంటే మాటే. పేరు ఇచ్చుకో."

అరగంట తరవాత ప్లేటు పట్టుకుని రాజగోపాల్ గారి పక్కన కూర్చున్నాను. ఆయన తృప్తిగా ఉన్నారు.

"క్లాక్ రెండుసార్లు నొక్కాల్సొచ్చింది బాబూ," అన్నారు చట్నీలో ఇడ్లీ ముంచుతూ.

"ఎందుకండీ?"

"మొదటిసారి జెండా పడగానే నొక్కాను. మీరు వెళ్ళారు. ఇంతలో ఆ ఫోటోగ్రాఫరు, ఫోటో సరిగా రాలేదు, మళ్ళీ ఎత్తండి సార్ అన్నాడు. కిరణ్‌కుమార్ గారు మళ్ళీ ఎత్తారు. జెండా మళ్ళీ ఎత్తారంటే మొదటిది రద్దయినట్టే కదా. రెండోసారి పడగానే సున్నా చేసి మళ్ళీ నొక్కాను."

"కానీ మేం అప్పటికే వెళ్ళిపోయాం కదండీ."

"బండి కదిలిందా లేదా అన్నది డ్రైవరు చూసుకుంటాడు. గార్డుకి జెండా ముఖ్యం."

"సున్నా చేసినప్పుడు ఎంతుందో చూశారా?"

ఆయన నొచ్చుకున్నారు. చెయ్యి తుడుచుకుని జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. "ఒక నిమిషం ఎనిమిది సెకన్లు. చూడకుండా ఎలా సున్నా చేస్తాను?"

ముప్ఫై ఒకటి పద్దెనిమిదికి ఒక నిమిషం ఎనిమిది కలిపాను. ముప్ఫై రెండు ఇరవై ఆరు. ఇంకోసారి కలిపాను. అంతే వచ్చింది.

భాస్కర్ కుర్చీలు మడతపెడుతున్నాడు. పక్కకి పిలిచి చెప్పాను. అతను కాసేపు తన మామగారి వైపు చూశాడు.

"అందరికీ అరవై ఎనిమిది సెకన్లే కద అన్నా. అందరికీ ఒకటే తప్పు. ఫెయిరే."

"అందరి టైమూ ఒకేలా మారుతుంది. ఎవరి అంచనా దగ్గరన్నది మారిపోతుంది."

"రిజల్ట్స్ గ్రూప్‌ల పెట్టేసిన. ఫోటోలు కూడ. మామయ్య ఇంకా మూడు నెలలు మా ఇంట్లనే ఉంటడు." కుర్చీ కింద పెట్టాడు. "నీకైతే లాభమే కద. వదినకి చెప్పకు. అయిపాయె."

అతను చెప్పిందాంట్లో తప్పేమీ దొరకలేదు. కారు దాకా నడుస్తూ వెతికాను. పిక్క నొప్పిగా ఉంది.

ఇంటికి సుమతి డ్రైవ్ చేసింది. పార్క్ దాటగానే చెప్పాను. జెండా, ఫోటో, రాజగోపాల్ గారు, చిన్న పుస్తకం, అన్నీ చెప్పాను.

"అయితే నీ చీటీకి ఎంత తేడా?"

"యాభై ఆరు సెకన్లు."

"పోయినట్టేగా మరి."

"పోయినట్టే. కానీ ఒక సంగతి ఉంది. గీత దాటగానే భాస్కర్‌తో ముప్ఫై రెండున్నర అన్నాను. టైమ్ తెలియకముందే. నాలుగు సెకన్లే తేడా. కావాలంటే భాస్కర్‌ని అడుగు."

ఇది నా దగ్గరున్న అన్నిటికన్నా బలమైన వాదం. చీటీ ఓడిపోయినా, చీటీ దేనికోసమో అది గెలిచింది. నేనెలా ఉన్నానో నాకు తెలుసు. సాక్షి కూడా ఉన్నాడు. సుమతి ఎర్ర లైటు దగ్గర ఆగింది.

"భాస్కర్ టైమ్ చెప్పాక ఏమనుకున్నావ్?"

క్లాక్ తప్పేమో అనుకున్నానని చెప్పొచ్చు. దానికి సాక్షి అక్కర్లేదు.

"నేనే తప్పనుకున్నాను."

"ఎంతసేపు?"

"అరగంట. రాజగోపాల్ గారు చెప్పేదాకా."

"డౌటే రాలేదా?"

"లేదు. సంతోషం వేసింది."

పచ్చ లైటు పడింది. వెనక కారు హారన్ కొట్టేదాకా ఆమె కదల్లేదు.

"అక్టోబర్‌లో కూడా నీకు తెలిసే ఉంటుంది," అంది తరవాత, మెల్లిగా.

ఆ రోజు తొమ్మిదో మైలు దగ్గర చేతులు చల్లబడ్డాయి. ఎవరిదో లాన్‌లో చెట్టు నీడ కనిపిస్తే కూర్చోవాలనిపించింది. అప్పుడు వాచీ చూశాను. నూట యాభై రెండు. చెట్టు దాటి వెళ్ళిపోయాను. ఇది డాక్టర్‌కి చెప్పలేదు. దాచలేదు, గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చిందా, ఇప్పుడు అల్లుకుంటున్నానా అని కొంత ఆలోచించాను. చేతులు మాత్రం నిజంగానే చల్లబడ్డాయి.

"కూర్చోవాలనిపించింది," అన్నాను.

"ఎక్కడ?"

"ఒక చెట్టు కింద. పడడానికి మైలు ముందు."

సుమతి స్టీరింగ్ మీద చేతులు సర్దుకుంది. ఆమె గొంతులో గెలిచినట్టేమీ లేదు.

"ఈ ఏడు వద్దు అమర్."

"సరే," అన్నాను.

అనగానే బాధ వేసింది. ఎంత అని అడిగితే చెప్పలేను. బాగానే వేసింది.