మర గుమ్మంలో గ్యుర్గా

నెదెల్యా తన మొదటి నవలను చేతులారా తగలబెట్టుకుంది.

ఇరవై మూడేళ్ళప్పుడు రాసిన నవల అది. ప్రచురణకర్తలంతా తిప్పి పంపేసరికి పంతం పట్టి, ఒక వార్తాపత్రిక ముద్రణాలయంలో మూడువందల ప్రతులు సొంతంగా అచ్చు వేయించుకుంది. 'మంచు కింద మర' అని పేరు పెట్టుకుంది. కొండ ఊళ్ళకు తిరిగే బస్సు డ్రైవర్లను బతిమాలి, దారిలో గ్రంథాలయం కనబడితే ఒకటి ఇచ్చి వెళ్ళమంది. పదేళ్ళు తిరిగేసరికి ఆమెకు మంచి రచయిత్రిగా పేరొచ్చింది. అప్పుడా పాత పుస్తకం తెరిచి చూస్తే సిగ్గుతో తల వంగిపోయింది. ఒక్క మంచుకే నాలుగు విశేషణాలు! ఇంట్లో మిగిలిన ప్రతులన్నీ పొయ్యిలో పెట్టేసింది.

ఇప్పుడామెకు యాభై అయిదు దాటాయి. ప్లోవ్‌దివ్‌ నగరంలోని ప్రచురణకర్త ఆ నవలను మళ్ళీ వేద్దామని పట్టుబట్టాడు. సరే, దిద్ది ఇద్దామనుకుంది. దిద్దడానికి ఒక్క ప్రతీ లేదు. కొండల్లోని గ్రంథాలయాలకు ఉత్తరాలు రాస్తే ఎలోవ్‌దోల్ అనే ఊరి నుంచి మాత్రం జవాబొచ్చింది. "ఒక ప్రతి ఉంది. ఊరు దాటించలేం. మీరే రండి. మీరు రావడం అవసరం కూడా" అని పెన్యో అనే ఆయన రాశాడు.

ఆ ఊరి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. సెప్టెంబరులో బస్సెక్కి వెళ్ళింది. ఆ ఏడు జూన్ తర్వాత చుక్క వాన లేదు. కొండలు ఎండిన రొట్టె రంగులో ఉన్నాయి.

పెన్యో బడిపంతులుగా చేసి మానుకున్న ముసలాయన. గ్రంథాలయం గదిలో ఆమెను కూర్చోబెట్టి, కొండాకుల టీ పోసి, గుడ్డలో చుట్టిన పుస్తకం బల్లమీద పెట్టాడు. అట్ట ఊడితే తోలుతో కట్టారు. అంచులు వేళ్ళ మురికికి నల్లబడ్డాయి.

"ఎంతమంది చదివారు మాస్టారూ?"

"చదువొచ్చిన వాళ్ళందరూ. రాని వాళ్ళకు నేనే చదివి వినిపించాను."

నెదెల్యాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. పుస్తకం తెరిచింది. పేజీ పేజీకీ అంచుల్లో పెన్సిలు రాతలున్నాయి, నాలుగైదు చేతులవి. తన శైలిని వెక్కిరించారేమో అనుకుంది. కాదు.

కథలో, కాలువ నీళ్ళతో తిరిగే పిండిమర యజమాని చిన్నకూతురు ఒక చలికాలం పొద్దున, మర చక్రానికి పట్టిన మంచు కొట్టడానికి వెళ్ళి కాలువలో పడి చనిపోతుంది. నిజానికి వెళ్ళాల్సింది అక్క. జ్వరమని అబద్ధమాడి మంచం దిగదు. ఆఖరి పేజీలో చచ్చిపోయిన పిల్ల నీళ్ళలోంచి లేచి వచ్చి, లోపలికీ పోలేక వెనక్కీ పోలేక, తడిబట్టలతో మర గుమ్మంలో నిలబడిపోతుంది, "యుగాంతం దాకా" అని. అప్పట్లో ఆ ముగింపుకు తనే మురిసిపోయింది.

అంచుల్లో ఇలా ఉంది: 'మర తలుపు బయటికి కాదు, లోపలికి తెరుచుకుంటుంది.' 'గొడ్డలి కాదు, గునపం.' నవలలో ఆ పిల్లకు పేరు లేదు. పేరు లేకపోతేనే కవిత్వంగా ఉంటుందనుకుంది అప్పుడు. ఆమె ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఎవరో ఓపిగ్గా రాశారు: 'గ్యుర్గా.' 'గ్యుర్గా.' 'గ్యుర్గా.'

"ఏంటి మాస్టారూ ఇవి? ఇదంతా నేను కల్పించిన కథ!"

పెన్యో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ సంగతి నాకు కాదమ్మా, కెరానా అవ్వకు చెప్పండి. పొద్దుట్నుంచీ మీకోసం చూస్తోంది."

కెరానా అవ్వ ఇల్లు రెండు వీధుల అవతల. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఎండలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. తల ఎత్తి నెదెల్యాను కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా? ఇంకా పెద్దదానివేమో అనుకున్నా. అట్లా రాసినదానివి!"

"అవ్వా, ఆ కథ..."

"జ్వరమని అబద్ధమాడానని నేను మా అమ్మక్కూడా చెప్పలేదు. పెళ్ళాడిన మొగుడికి చెప్పలేదు. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు పూజారికీ చెప్పలేదు. నీకెవరు చెప్పారే పిల్లా?"

ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం, అద్దెగదిలో, టైపుమిషను ముందు కూర్చుంటే తోచిందంతే. ఆ తోచడం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడెంత తవ్వుకున్నా దొరకలేదు.

"ఎవరూ చెప్పలేదవ్వా."

"సర్లే. అడిగి ఏం లాభం?" ముసలామె మళ్ళీ గింజలు ఒలవడం మొదలుపెట్టింది. "మా చెల్లెలు చచ్చిపోయి నలభై ఏళ్ళు సడీ చప్పుడూ లేకుండా పడుకుంది. ఏటేటా దాని పేర గోధుమలు ఉడికించి పెట్టాను, తిన్నట్టే ఉండేది. నీ పుస్తకం బస్సులో దిగింది చూడు, ఆ చలికాలమే లేచి గుమ్మంలో నిలబడింది. ముప్ఫై ఏళ్ళు దాటింది. నిలబెట్టినదానివి నువ్వు. వెళ్ళి చూసిరా."

మర ఊరి చివర. పెన్యో వెంట వచ్చాడు గానీ ముప్ఫై అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"మేం వేసవిలో ఇటు రాం. చలికాలం అసలే రాం."

"మరెప్పుడొస్తారు?"

"రాం."

మిట్టమధ్యాహ్నం. కాలువను ఎప్పుడో పైనుంచే మళ్ళించేశారట. అడుగున పగిలిన బురద మీద బల్లులు ఎండ కాచుకుంటున్నాయి. చక్రం చెక్కలు ఊడిపోయాయి. తలుపు ఓరగా, లోపలికి తెరిచి ఉంది.

గుమ్మం రాయి మీద తడి ఉంది. రెండు చిన్న పాదాల మేర. నెదెల్యా వంగి వేలితో తాకింది. వేలు జివ్వుమంది, మంచు ముక్కను పట్టుకున్నట్టు. మెడలోని గుడ్డ తీసి గట్టిగా తుడిచింది. రాయి పొడిబారింది. పైనుంచి కారుతోందేమోనని చూరు కేసి చూసింది, సాలెగూళ్ళు తప్ప ఏమీ లేవు. మళ్ళీ కిందికి చూసేసరికి రెండు పాదాలూ తడిగా ఉన్నాయి. ఈసారి వేళ్ళు తన వైపు తిరిగి ఉన్నాయి.

నెదెల్యా పరుగెత్తలేదు. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ, ఆ రాయి మీంచి చూపు తిప్పకుండా, పెన్యో చేయి తగిలేదాకా వచ్చింది. అప్పుడు గానీ వెనక్కి తిరగలేదు.

అవ్వ ఇంట్లో, వంటబల్ల దగ్గర, ఆ పుస్తకం ఆఖరి పేజీ ముందు పెట్టుకుని పెన్ను తీసింది. పాత ముగింపు అడ్డంగా కొట్టేసింది. ముప్ఫై ఏళ్ళుగా రాసి చేయి తిరిగింది కదా, వాక్యం దానంతట అదే వచ్చింది. చదివి వినిపించింది: "వసంతపు తొలి వెలుగు ఆమె భుజాన చేయి వేయగా, గడ్డకట్టిన కాలం కరిగి..."

"ఆపు ఆపు!" అంది కెరానా. "వెలుగు చేయి వేయడమేంటే? నువ్వు ఎట్లా చెప్తే అట్లా నిలబడే పిల్ల అది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాంగా. సరిగ్గా రాయి. ఇంటికొచ్చిందని రాయి."

నెదెల్యా తలవంచి ఆ వాక్యమూ కొట్టేసింది. 'గ్యుర్గా' అని రాసింది. చేయి ఆగింది.

"అవ్వా, ఎట్లా వచ్చిందని రాయను? కోపంగానా, ప్రేమగానా?"

ముసలామె బల్ల మీది గింజల గిన్నె పక్కకు జరిపింది.

"అది నువ్వు చెప్పే మాట కాదు. దాని ఇష్టం అది. ఎట్లా వచ్చినా రానీ. నువ్వు గుమ్మం దాటించు, చాలు."

నెదెల్యా రాసింది: 'గ్యుర్గా గుమ్మం దాటి, ఊరి దారిన నడిచి, అక్క దగ్గరికి ఇంటికొచ్చింది.' కెరానా పుస్తకం దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క మాట కిందా వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. "ఊఁ. ఇది బాగుంది" అంది. నెదెల్యా బస్సుకు బయల్దేరుతుంటే మాత్రం అడిగింది: "ఇవాళే వస్తుందా?"

"తెలీదవ్వా."

"అయితే ఇల్లు ఊడ్చుకోవాలి."

నాలుగో రోజు పెన్యో ఫోన్ చేశాడు. గుమ్మం రాయి ఎండిపోయిందట. ఊరంతా వెళ్ళి చూసి వచ్చారట. గొంతు తగ్గించి తర్వాతి మాట చెప్పాడు.

"కెరానా అవ్వ పోయిందమ్మా. పొద్దున పాలు పోసే ఆవిడ చూసింది. కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. బల్ల మీద రెండు గిన్నెల్లో చారు పోసి ఉంది. అవ్వ గిన్నె నిండుగానే ఉంది. రెండోది నాకినట్టు ఖాళీ. అవ్వ ఒళ్ళో గౌనంతా తడి, ఎవరో తల పెట్టుకుని పడుకున్నట్టు."

"మొహం? మొహం ఎట్లా ఉంది మాస్టారూ?"

"చూసినవాళ్ళు తలో రకంగా చెబుతున్నారు. నేను చూడలేదమ్మా. ధైర్యం చాలలేదు."

పెన్యో ఆ పుస్తకానికి నకలు రాయించి పంపాడు. కొత్త ముద్రణకు నెదెల్యా ఆ ఒక్క పేజీ తప్ప ఏమీ మార్చలేదు. మంచుకున్న నాలుగు విశేషణాలనూ ఉండనిచ్చింది. ప్రచురణకర్త గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

తర్వాత ఆమె తన తక్కిన నవలలు పదకొండూ అరలోంచి దించి, ఒక్కొక్కదానికీ ఆఖరి పేజీ మాత్రం చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండింటిలో మనుషులందరూ ఎవరి ఇళ్ళలో వాళ్ళున్నారు. మూడోదానిలో ఒక నడివయసు మనిషిని రైల్వే ప్లాట్‌ఫామ్ మీద పెట్టె పట్టుకుని నిలబెట్టి వదిలేసింది. ఏ ఊరి స్టేషనో రాయలేదు. అతను ఇంకా ఎక్కడో నిలబడే ఉంటాడు. గోడనున్న దేశపటం ముందుకు వెళ్ళి, రైలు దారి వెంట వేలు జరుపుతూ, ఒక్కొక్క స్టేషను పేరూ పైకి చదవసాగింది.