కడచీల

సినిమా అయిపోయి హాలు తలుపులు తెరిచేసరికి ఓల్డ్ సెటిల్‌మెంట్ జనం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. స్వాతి అందరికంటే ముందు బయటికొచ్చి మెట్ల పక్కన నిలబడింది. నిలబడక తప్పదు మరి. ఆదివారం పొద్దుటి ఆట మొత్తం, బెంగాలీల ఊళ్ళో రైల్వే పనికొచ్చి స్థిరపడ్డ తమ తెలుగువాళ్ళ కోసం మాట్లాడిపెట్టింది తనే. ఇల్లిల్లూ తిరిగి, మోకాళ్ళ నొప్పులవాళ్ళని టోటో రిక్షాలెక్కించి, నాలుగు రోజులపాటు ఊదరగొట్టి నూటెనభై మందిని పోగేసింది కూడా తనే. రెండు వేల ఏళ్ళ కిందటి కళింగం కథట, రాజధాని దంతపురం చూపిస్తారట, మన తాతల ఊళ్ళట, ఆరు వందల కోట్లట. ఆ 'ట'లన్నీ ఇప్పుడు వరసగా మెట్లు దిగి వస్తున్నాయి.

"ఓలమ్మా, మూడు గంటలు కూకుంటే నడుం పట్టేసింది గానీ కళింగం మాత్రం కనపళ్ళేదే" అంది పక్క క్వార్టర్ చిలకమ్మ. "అన్నేసి ఏనుగులున్నాయి, ఒక్కటైనా పేడేసిందేటి?"

"నాకు బాగుంది. ఏసీ బాగుంది" అన్నాడు గోవిందరావు. కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు సమ్మెట ఎత్తిన హ్యామర్‌మ్యాన్ ఆయన. ఇంటర్వెల్ ముందునుంచే గురకపెట్టాడని వెనక వరస మొత్తానికీ తెలుసు. "ఒలే స్వాతీ, ఒక మాట సెప్తన్నాను ఇనుకో. నాను సచ్చిందాకా ఇంక రాజుల కత సూణ్ణు. సినిమా అయినా సరే, నాటకవయినా సరే."

నాటకం మాట వినగానే స్వాతి తన తాత దేముడి కోసం చూసింది. దేముడు అందరికంటే ఆఖర్న, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగుతున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. స్మితీ షాపులో కమ్మరిగా చేసి రిటైరయ్యాడు. టోటోలో ఇంటిదాకా రోడ్డుకేసే చూస్తూ కూచున్నాడు. తిట్టినా బాగుండేది అనుకుంది స్వాతి.

ఇక్కడ కొంచెం వెనక సంగతి చెప్పుకోవాలి. ఏటా విశ్వకర్మ పూజనాడు సాయంత్రం ఓల్డ్ సెటిల్‌మెంట్ మైదానంలో దేముడు నాటకం పడేది. దంతపురం కథే. రాసింది ఆయనే, ఆడించేది ఆయనే, కత్తులూ డాళ్ళూ కొట్టేది ఆయనే. ముప్పై ఆరేళ్ళు నడిచింది. ఈ ఏడు సంఘం మీటింగులో లేచి, "నాటకం బదులు అందరం సినిమాకి పోదాం, తాతకి కూడా కాస్త విశ్రాంతి" అన్నది స్వాతి. విశ్రాంతి మాట నిజమే. కానీ కార్ఖానాలో వీల్ షాప్‌లో తనతో పనిచేసే కుర్రాళ్ళు కిందటేడు ఆ రేకు కిరీటాల్ని ఫోన్‌లో వీడియో తీసుకుని నవ్వుకున్నారు. ఆ సిగ్గు కూడా నిజమే. అది మీటింగులో చెప్పలేదు.

ఇంటికొచ్చాక దేముడు చొక్కా కూడా విప్పకుండా ట్రంకు పెట్టె తెరిచాడు. అడుగునుంచి నాటకం నోటుబుక్కు తీశాడు. అట్ట ఊడిపోయి, అంచులు గోధుమరంగు తిరిగిన పుస్తకం. దాన్ని తీసుకెళ్ళి వసారాలో పాతసామాన్ల కబాడీవాడి కోసం కట్టిపెట్టిన పాత పేపర్ల మీద పెట్టేశాడు.

"ఏటి తాతా, అది పేపర్లలో పెట్టేస్తన్నావు?"

"మరెందుకే అమ్మీ. అన్ని కోట్లెట్టినోడికే జనాన్ని కూకోబెట్టడం సేతకాలేదు. నాను రేకుముక్కలతో ఏటి సేస్తాను?" అని మంచం మీద కూలబడ్డాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఆ సినిమాలో కమ్మరోడు ఒక్కడే కొట్టినాడు. సమ్మెటోడు లేడు. తిత్తి ఊదేవోడు లేడు. ఒక్కడే, ఒంటి సేత్తో. కత్తి నగిషీతో సహా వొచ్చీసింది. అలగ ఎక్కడైనా అవుద్దా?"

ఆయన గొంతులో కోపం లేదు, అలుపు ఉంది. స్వాతికి ఆ అలుపు చూస్తేనే భయం వేసింది. మామ్మ పోయినప్పుడు కూడా ఆయన మూడో రోజున సుత్తి పట్టుకున్న మనిషి. ఇప్పుడు ఊరికే పడుకుని గోడకేసి చూస్తున్నాడు. నాటకం ఆగిపోతే తాత కూడా ఆగిపోతాడు, ఆపింది తను. అంతే లెక్క. ఆమె వసారాలోకి వెళ్ళి నోటుబుక్కు తీసి తన బ్యాగులో పెట్టుకుంది. పూజ ఇంకా పంతొమ్మిది రోజులుంది.

మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా సంఘం సెక్రటరీ అమర్‌నాథ్ ఇంటికి వెళ్ళింది. అమర్‌నాథ్ మంచివాడే. కానీ కాదు అనడానికి ముందు రెండు చేతులూ ఒకదానికొకటి రాసుకుంటాడు. ఆరోజు తెగ రాసుకున్నాడు.

"స్వాతీ, నువ్వే కదా వొద్దన్నావు! ఇప్పుడు సరిత్ర అంటేనే జనం పారిపోతన్నారు. మైకులో దంతపురం పేరెత్తితే కుర్చీలు తప్ప ఎవులూ ఉండరు."

"నాదే తప్పు, ఒప్పుకుంటన్నాను. నలభై నిమిషాలే ఇయ్యి అన్నా. మనుషుల్ని నాను తెస్తాను."

"మొన్న కూడా నువ్వే తెచ్చినావమ్మా" అన్నాడు అమర్‌నాథ్. ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. అయినా ఆమె గుమ్మం వదల్లేదు. ఆఖరికి ఆయన నలభై నిమిషాలకు ఒప్పుకున్నాడు. భోజనాల టైము కావచ్చిందని ఆయన భార్య లోపల్నుంచి మూడుసార్లు పిలిచింది, అది కూడా కలిసొచ్చింది.

అసలు పోరు ఇంట్లో. స్వాతి రెండు రాత్రులు కూచుని నోటుబుక్కు మొత్తం చదివింది. సినిమాలో ఏ జబ్బుందో తాత నాటకంలోనూ అదే ఉంది. పదకొండు మంది రాజులు, ప్రతి రాజుకీ ఒక కొలువు, ప్రతి కొలువులో అరగంట పద్యాలు. జనం నిజంగా మేలుకుని చూసేది మధ్యలో పది నిమిషాలే. శత్రుసైన్యం వస్తోంది. ఊరు ఊరంతా బండెక్కి పారిపోవాలి. బండి చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టే కడచీల విరిగిపోయింది. దంతపురం కమ్మరి, అతని కూతురు, సైన్యం ఏరు దాటేలోగా కొత్త కడచీల కొట్టాలి. అదీ ఘట్టం.

"తాతా, ఈ పది నిమిషాలే ఆడదాం. మిగతాది తీసేద్దాం."

దేముడు మంచం మీంచి లేచి కూచున్నాడు. సినిమా చూసొచ్చాక ఆయన అంత వేగంగా లేవడం అదే. "రాజుల్ని తీసేత్తావా? రాజు లేకండా నాటకవేటే?"

"సినిమాలో రాజులుండి ఏటి సేసినారు? నీ నాటకంలోనూ అంతే. కిందటేడు రెండో కొలువుకే సగం మంది లేచిపోయినారు. గోవిందరావు తాత నీ మొకం మీదే నిద్దరోయినాడు. నువ్వు సూళ్ళేదా? సూసినావు. సూణ్ణట్టు ఉన్నావు."

ఆ ఇంట్లో దేముణ్ణి ఎవరూ అలా అనలేదు. బయట కార్ఖానా సైరన్ మోగి ఆగింది.

"సూసినాన్లే" అన్నాడు చివరికి. "సూసినాను గాని, ఆ పద్యాలు రాయడానికి నాకు తొమ్మిదేళ్ళట్టింది."

"తెలుసు తాతా."

"అయితే ఒక మాట. నాను సల్లటి ఇనుం మీద సుత్తెయ్యను. ఇనుం లేకండా ఉత్తి దాకలి దిమ్మ మీద కొట్టడం కమ్మరోడికి అరిష్టం. ఇన్నాళ్ళూ సెక్క సుత్తితో నటించినాను, సిగ్గులేకండా. ఆడితే నిజం కొలిమి, నిజం ఇనుం. ఇంచిన్నర కడ్డీ. పుల్లముక్క కాదు. సమ్మెట నువ్వెత్తాల."

"ఎత్తుతాను."

"సేతులు ఊడిపోతాయి."

"ఊడనీ."

పందిరి కింద కొలిమి కుదరదు కాబట్టి మైదానం మధ్యలోనే అనుకున్నారు. ఇనుము రంగు తెలియాలంటే ఎండ ఉండకూడదు, అందుకని సందెవేళ అనుకున్నారు. రైలు పట్టా ముక్కే దాకలి. తిత్తికి బదులు చేత్తో తిప్పే బ్లోయర్. రోజూ డ్యూటీ అయ్యాక ఇంటి వెనక స్వాతి సమ్మెట ఎత్తింది. పని పద్ధతి ఇదీ. కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ తట్టితే అక్కడ సమ్మెట పడాలి. గట్టిగా తడితే గట్టి దెబ్బ, మెల్లగా తడితే మెల్లటి దెబ్బ. సుత్తిని దాకలి మీద పక్కకి పడుకోబెడితే ఆపెయ్యాలి. నోటిమాట ఉండదు. మూడో రోజున సుత్తి పడుకున్నాక కూడా స్వాతి ఇంకో దెబ్బ వేసింది.

"సుత్తి పడుకున్నాక దెబ్బ పడకూడదే! ఆ దెబ్బకి సేతులు పోయినోళ్ళున్నారు" అని దేముడు గట్టిగా కేకేశాడు. ఆ కేకకి చిలకమ్మ గోడమీంచి తొంగి చూసి, "మావ బాగయ్యాడే" అంది.

స్వాతి అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. గుడ్డపేలికలు చుట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. మనుషుల్ని పిలవడానికి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి కోట్ల మాట ఎత్తలేదు. కళింగం మాట కూడా ఎత్తలేదు. "మా తాత ఇనుం కొడతాడు, రండి" అని మాత్రం చెప్పింది. కొందరు తలుపు సగమే తెరిచారు. గోవిందరావు సరాసరి, "రాజులున్నారా?" అని అడిగాడు.

"ఒక్కడూ లేడు తాతా."

"అయితే సూద్దాం. కుర్సీ గట్టిదెయ్యి."

పూజనాడు సాయంత్రం ఆరవుతుండగా మైదానంలో నూరుమంది దాకా పోగయ్యారు. కొంతమంది ఎందుకైనా మంచిదని అంచున, వీధివైపు కూచున్నారు. మైకు తెచ్చిన బెంగాలీ కుర్రాడు, "దీదీ, మైక్ లాగ్‌బే నా?" అని రెండుసార్లు అడిగాడు. మైకు అక్కర్లేదంది స్వాతి. తాత మామూలు లుంగీ, బనీనుతో కొలిమి ముందు కూచున్నాడు. కిరీటాలు లేవు, పరదా లేదు. బ్లోయర్ తిప్పుతున్నకొద్దీ బొగ్గులు రాజుకుని కడ్డీ మెల్లగా రంగెక్కింది.

భటుడి వేషం అమర్‌నాథ్‌ది. పరుగెత్తుకొచ్చి, "సైన్యం వంశధార దాటేస్తంది! బండి కదలాల!" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన పదిరోజులు సాధన చేశాడు. కమ్మరి తలెత్తకుండా, "కడచీల లేకండా బండి కదలదు" అన్నాడు. పట్టకారుతో కడ్డీని దాకలి మీదికి లాగాడు. సుత్తి తట్టింది. సమ్మెట పడింది.

మొదటి కాక, అంటే కడ్డీ ఒకసారి కాలి చల్లారేదాకా, బాగానే సాగింది. అంచున కూచున్నవాళ్ళలో ఒకరిద్దరు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. రెండో కాకలో స్వాతి భుజాలు మండిపోయాయి. మూడో కాకకి చేతిలో సమ్మెట తనది కాదన్నట్టు ఊగిపోయింది. తాత సుత్తి గట్టిగా తడుతోంది, సమ్మెట మెల్లగా పడుతోంది. ఇంచిన్నర కడ్డీ. కడ్డీ చివర ఇంకా సన్నబడలేదు, నారింజరంగు ముదురు ఎరుపుకి దిగుతోంది. ఇంకోసారి కాక పెడదామా అంటే, భటుడు వచ్చి చెప్పేశాడు కదా, సైన్యం ఏరు దాటేస్తోందని! ఆ సంగతి కథలోదని ఆ క్షణాన మైదానంలో ఎవరికీ గుర్తులేదు. అందరి కళ్ళూ ఇనుము మీదే ఉన్నాయి. వాళ్ళలో సగం మంది ఆ పనిలోనే వయసంతా పోగొట్టుకున్నవాళ్ళు. ఎరుపు ఎంతసేపు నిలుస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"సల్లారిపోతంది!" అని అరిచాడు గోవిందరావు. "సల్లారిపోతంది బావా, ఇనుం సల్లారిపోతంది! ఒక్క పిల్లతో ఎలగవుద్దనుకున్నావు?"

గట్టి కుర్చీ వెనక్కి పడిపోయింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి తువ్వాలు నడుముకి బిగించుకుంటూ వచ్చేశాడు. ఒకటి ఊడితే ఉంటుందని పక్కన పెట్టిన రెండో సమ్మెట ఎత్తాడు, స్వాతికి ఎదురుగా నిలబడ్డాడు. దేముడు ఆయన ముఖం చూడనేలేదు. చూడక్కర్లేదు, స్మితీ షాపులో ఇద్దరిదీ ఇరవై రెండేళ్ళ అలవాటు. సుత్తి తట్టింది. గోవిందరావు దెబ్బ పడింది. మళ్ళీ తట్టింది. స్వాతి దెబ్బ. సుత్తి, సమ్మెట, సుత్తి, సమ్మెట. ప్రతి దెబ్బకీ ముందు వరసలోని ముసలాళ్ళ నోట 'హుఁ' అని ఊపిరి వచ్చింది. తర్వాత వెనక వరసల్లోంచీ వచ్చింది. స్వాతికి చేతుల నొప్పి తెలియలేదు. ఏడుస్తున్నానని కూడా తెలియలేదు.

దేముడు సుత్తిని దాకలి మీద పక్కకి పడుకోబెట్టాడు. రెండు సమ్మెటలూ గాలిలోనే ఆగిపోయాయి. ఒక్క దెబ్బ కూడా అదనంగా పడలేదు.

చీలని నీళ్ళ బకెట్లో ముంచి తీశాడు. అది బుస్సుమంది. నోటుబుక్కు ప్రకారం ఇక్కడ కమ్మరి కూతురు చీల తీసుకుని బండివైపు పరిగెత్తాలి. కానీ చిలకమ్మ అప్పటికే లేచి వచ్చి చెయ్యి చాపింది. స్వాతి ఏం చేయాలో తోచక ఆవిడ చేతిలోనే పెట్టింది. చిలకమ్మ చేతిలో తూచి చూసుకుని పక్కవాళ్ళకి ఇచ్చింది. చీల చేతులు మారుతూ వరసలన్నీ తిరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు. "బరువుంది" అన్నారెవరో. వీధివైపు అంచున కూచున్నవాళ్ళు, మాకూ ఇవ్వండి అని చేతులు చాపారు. స్వాతి ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. మొన్న హాలు మెట్ల మీద ఒకరినొకరు చూసుకోని ముఖాలే.

తిరిగి తిరిగి చీల మళ్ళీ చిలకమ్మ దగ్గరికే వచ్చింది. ఆవిడ దాన్ని కంటి ముందు పెట్టుకుని, ఒక కన్ను మూసి, అటూ ఇటూ తిప్పింది.

"మావా, ఒక పక్క వంకరుంది."

అమర్‌నాథ్ చేతులు రాసుకోవడం మొదలుపెట్టాడు. స్వాతి తాత ముఖంకేసి చూసింది. మనిషిని మంచం మీంచి లేపి ఇక్కడిదాకా తేవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది, ఈ ఒక్కమాటకి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు.

దేముడు చీల తీసుకున్నాడు. కొలిమి వెలుగులో పైకెత్తి చూశాడు. వేలితో అంచు వెంబడి తడిమాడు.

"వంకరే" అన్నాడు.

తర్వాత దాన్ని పట్టకారుతో పట్టుకుని మళ్ళీ బొగ్గుల్లోకి తోశాడు.

"ఎవులూ కదలకండి. స్వాతీ, బ్లోయర్ తిప్పు. గోవిందూ, సమ్మెట దింపినావేటి, ఎత్తు. వంకర చీలతో బండెలగ పంపుతాం?"

స్వాతి పేలికలు చుట్టిన చేత్తో బ్లోయర్ పిడి పట్టుకుని తిప్పింది. నూరుమందీ ముందుకు వంగి, ఇనుము ఎరుపెక్కడం కోసం చూస్తూ కూచున్నారు.