వెనక వరసలో చివరి పిల్ల

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున తామ్వే ఇళ్ల కప్పుల మీద ఎండ పడుతోంది. పడమర, ఏటి వైపు, మబ్బు నల్లగా కదలకుండా కూర్చుంది. మా ఊళ్ళో అయితే ఇలాంటి పొద్దున కళ్ళంలో ధాన్యం పరచం.

నేను రంగూన్ వచ్చి అప్పటికి మూడు వారాలు. ఊరి పేరు యాంగోన్ అని మార్చి చాలా కాలమైంది గానీ మా నోట రంగూనే. మా మేనకోడలు వీరలక్ష్మి ఇల్లు మూడో అంతస్తులో ఒకటే గది. మొగుడు అహ్లోన్ రేవులో బియ్యం గోదాములో పని. ఆదివారాలు కూడా వెళతాడు. కూతురు తార పదో తరగతి పాసైంది. ఈ దేశంలోనే పుట్టింది, తల్లీ ఇక్కడే పుట్టింది, అమ్మమ్మా ఇక్కడే పుట్టింది. అయినా మా మొహాలు చూసి పౌరసత్వపు కార్డు తొందరగా ఇవ్వరు. ఆ కార్డు లేనిదే పై చదువు లేదు, దూరపు బస్సు లేదు, మంచి ఉద్యోగం లేదు. కార్డుకి ముందు వార్డు పెద్ద సిఫార్సు కాగితం కావాలి. వార్డు పెద్దని ఇక్కడ ఉక్కట అంటారు. తార అమ్మమ్మ, అంటే మా అక్క అప్పలనరసమ్మ, ఏటవతల ట్వాంటే దగ్గర మా ఊళ్ళోనే పుట్టిందని చెప్పడానికి బతికున్న మనిషిని నేనొక్కడినే. అందుకే వచ్చాను. ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా వచ్చే సోమవారం రమ్మన్నారు.

అది ఓట్ల ఏడాది. సైన్యం వాళ్ళు ఇరవై ఏళ్ల తర్వాత ఓట్లు పెడుతున్నారు. ఆ మాట వీధిలో ఎవరూ గట్టిగా అనరు. టీ దుకాణంలో పక్క బల్ల దగ్గర కొత్తవాడు కూర్చుంటే మాటలు వాన మీదికి మళ్ళుతాయి. అలాంటి రోజుల్లో మా తార ఇంట్లో ఓట్లు పెట్టింది.

ఆ ఓట్లు జపాను ఆడపిల్లల పాటల జట్లకి. పేవ్‌మెంటు మీద దొంగ డిస్కులు అమ్ముతారు. ఒక జట్టు పేరు అసగావో. పదహారు మంది పిల్లలు. ఇంకో జట్టు యుకిహానా. వీళ్ళు ఏడుగురే. తారది అసగావో. తార నేస్తం కోటేశ్వరిది యుకిహానా. కోటేశ్వరి వాళ్ళు గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ళు, వెనక వీధిలో ఉంటారు. చిన్నప్పటి నుంచీ ఒకే పళ్ళెంలో తిన్న పిల్లలు. ఈ జట్ల దగ్గర మాత్రం జుట్టు పట్టుకునేదాకా వస్తారు.

"పదారు మందిని నిలబెట్టి గెంతిత్తే అదేటి పాటేటి? సంత," అనేది కోటేశ్వరి.

"మీవోల్లు పాడతన్నారా, ఏడుత్తన్నారా? ఆ పచ్చ గౌనుది పెతీ పాటలోనీ ఏడుస్తాది. ఎవులు సచ్చిపోనారే?"

"గొంతున్నోల్లకే ఏడుపొస్తాది."

"మావోల్లలో ముందర ఎవులు నిలబడాలో జనం ఓట్లేసి ఎంచుతారు. మీవోల్లని కంపినీవోడు ఎంచుతాడు. తేడా తెలస్తందా?"

"జనానికేటి తెలుసే?"

"ఒలే, కిటికీ ముయ్యండి," అనేది వీరలక్ష్మి, పొయ్యి దగ్గర నుంచి.

చెయ్యెత్తి లెక్కపెడితే దెబ్బలాటలు అవుతున్నాయని తార బిస్కట్ల డబ్బా తెచ్చింది. అసగావోకి చింతపిక్క, యుకిహానాకి తెల్ల చిక్కుడు గింజ. పిడికిలి మూసి డబ్బాలో పెట్టాలి, ఏది వేశారో ఎవరికీ కనబడకూడదు. ఆదివారం ఆదివారం ఇదే పని.

నేనూ చూసేవాణ్ణి. పల్లెటూరి కళ్ళు, ఏది కదిలినా చూస్తాయి. ఏడుగురిలో ప్రతి పిల్లకీ ఒక రంగు, ఒక గొంతు, ఒక ఏడుపు. వంగి దణ్ణం పెట్టేటప్పుడు పెద్దపిల్ల అందరికంటే ఆఖర్న లేస్తుంది. పదహారు మంది వేరు. వరి నాటే ఆడవాళ్ళలా ఒకే వంపు, ఒకే అడుగు. వెనక వరసలో ఆ చివర ఒక సన్నపాటి పిల్ల ఉంది. కెమెరా ఆ పిల్ల మీద ఎప్పుడూ ఆగదు. ఆగకపోయినా ఆ పిల్ల నవ్వు ఆపదు.

ఇక మూడో మనిషి. కనకరత్నం. ముప్పై దాటిన మనిషి, మొల్మేను వైపు నుంచి వచ్చింది. కింద అంతస్తులో మెట్ల పక్క మంచం అద్దెకి తీసుకుంది. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. చీకట్లో బస్సెక్కి చీకట్లో దిగుతుంది. ఆదివారం మాత్రం పైకి వస్తుంది. మెట్లెక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని వస్తుంది, చప్పుడు కాకుండా. గుమ్మం పక్క కూర్చుంటుంది.

"అప్పా, నువ్వు సెప్పు, ఏది బాగుంది?" అని పిల్లలు అక్క వరస కలిపి అడిగితే, "రెండూ బాగున్నాయి," అంటుంది. అడిగినప్పుడల్లా అదే మాట.

నాకు ఆ మాట నచ్చలేదు. ఒకసారి వార్డు ఆఫీసుకి వెళ్ళినప్పుడు, కనకరత్నం లోపలి బల్ల మీద తలొంచుకుని కూర్చుని ఉంది. గుమాస్తా ఏదో నవ్వుతూ చెప్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆ సాయంత్రమే వీరలక్ష్మికి చెప్పాను.

"ఆ మనిసిని పైకి రానీకు."

"ఏటి మాఁవా, వారానికోపాలి పాట సూడ్డానికొస్తాది."

"పాట సూసిన మనిసి ఒక పక్కకి మొగ్గుతాది. రెండు పక్కలా ఉన్నాదంటే పాట కోసం రాలేదు."

వీరలక్ష్మి గరిటె ఆపింది. "కాయితం చేతికొచ్చినదాకా ఊరుకో మాఁవా. ఇప్పుడొద్దంటే, ఎందుకొద్దన్నామని అక్కడ సెప్తాది," అంది. అదీ నిజమే. అప్పటి నుంచి ఇద్దరం ఆమె ముందు వాన గురించే మాట్లాడాం.

కోటేశ్వరి సిఫార్సు కాగితం మాత్రం ఆ వారంలోనే వచ్చేసింది. తార కంటే వెనక అర్జీ పెట్టింది. మాకు సంతోషమే. మనదీ వస్తుందని వీరలక్ష్మి దేవుడి ముందు దీపం పెట్టింది.

ఆ ఆదివారం ఐదుగురం ఉన్నాం. పాటలు అయ్యాయి. తార డబ్బా తీసింది.

"తాతా, ఇయ్యాల నువ్వూ వెయ్యాల."

"నాకెందుకే?"

"ఊరికే కూకుని గుడ్లప్పగించి సూత్తావు గదా. సూసినందుకు ఎయ్యి."

వేశాను. వీరలక్ష్మి, "ఏది ముందు ఆగిపోతే దానికే నా ఓటు," అంటూ చేతికందింది వేసింది. పిల్లలిద్దరూ వేశారు. కనకరత్నం చెయ్యి పిడికిలిగా డబ్బాలోకి వెళ్ళింది, పిడికిలిగానే బయటికి వచ్చింది.

కోటేశ్వరి డబ్బా బోర్లించింది. రెండు చింతపిక్కలు, రెండు చిక్కుడు గింజలు.

"ఐదుగురం గదా! ఎవులెయ్యలేదు?"

నేను కనకరత్నం చెయ్యి చూస్తున్నాను. ఆ చెయ్యి ఇంకా విప్పుకోలేదు. ఉత్త పిల్లల ఆట, గింజ వెయ్యడానికేం భయం? వేసిన వాళ్ళని లెక్క పెట్టడానికి వచ్చిన మనిషే తను వెయ్యదు, అనుకున్నాను.

అప్పుడే కరెంటు పోయింది. టీవీ చీకటైంది. ఆ నిశ్శబ్దంలో మెట్ల మీద తోలు చెప్పుల చప్పుడు వినిపించింది. వీరలక్ష్మి గింజలన్నీ డబ్బాలో పోసి, మూత పెట్టి, బియ్యం కుండ వెనక్కి తోసేసింది.

ఉక్కట వచ్చాడు. లావుపాటి మనిషి. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నాడు. అడక్కుండానే మంచం మీద కూర్చుని లుంగీ సర్దుకున్నాడు. అందరం నేల మీద ఉన్నాం. మాటలన్నీ బర్మా భాషలోనే.

"ఈ ఇంట్లో ఓట్లు జరుగుతున్నాయట," అన్నాడు.

జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"డబ్బా తియ్యండి. చింతపిక్కలు ఎవరివి, చిక్కుడు గింజలు ఎవరివి?"

డబ్బా కుండ వెనక ఉంది. దాని మాట ఎవరూ ఎత్తలేదు. గింజల మాట ఈ గది దాటే దారి లేదు, మాలో ఒకరి నోట తప్ప. వీరలక్ష్మి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను కనకరత్నం వైపే చూశాను.

ఆయన మూత తీసి గింజల్ని వేలితో కెలికాడు. తార వైపు చూశాడు. "నీకు కార్డు కావాలి. కదా? ఓట్లు వెయ్యడం ఎవరు నేర్పారు?"

తార నోరు తెరిచింది. తల్లి వైపు చూసి మళ్ళీ మూసేసింది.

వీరలక్ష్మి వైపు చూశాడు. నా వైపు చూశాడు. "సాక్షివి నువ్వేనా? సాక్షి ఇక్కడ కూడా ఓటు వేశాడా?" తరవాత గుమ్మం వైపు తిరిగాడు. "నువ్వు కింద మంచం మనిషివి. ఈ ఇంటికి ఏమీ కావు. నువ్వు చెప్పు. ఇక్కడేం జరుగుతోంది?"

అయిపోయింది అనుకున్నాను. మా అక్క పుట్టుక, తార చదువు, అన్నీ ఆ పిడికిట్లో ఉన్నట్టు అనిపించింది.

కనకరత్నం పిడికిలి విప్పింది. చెమటకి చింతపిక్క అరచేతికి అంటుకుని ఉంది. దాన్ని గోటితో ఊడదీసి డబ్బాలో వేసింది.

"నా ఓటు ఇప్పుడు వేశాను, ఊలే," అంది. పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు. "అసగావోకి. జపాను పాటల పిల్లలు. ఇక్కడ జరిగేది అదే. ఆ ఏడుగురి జట్టు ఉంది చూశారూ, ఏడుగురికీ కలిపి ఒక గొంతు. మిగతాదంతా ఏడుపు. నేను ఒప్పుకోను."

అంత గట్టిగా ఆమె మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. మామూలుగా అయితే యుకిహానాని ఆ మాట అన్నాక కోటేశ్వరి మీద పడి రక్కేది. ఇప్పుడు చాప పోగు లాగుతూ కూర్చుంది.

"అసగావోలో మాత్రం ఒక్కతే ఉంది," అంది కనకరత్నం. "వెనక వరసలో చివరి పిల్ల."

తారకి అప్పుడు నోరు వచ్చింది. "చివరి పిల్లా? ఆ పిల్లకి అడుగు తప్పుతుంది! ముందు నిలబడేదే కదా అసలుది!"

"తప్పేది పక్కదానికి. పక్కది తప్పినప్పుడల్లా ఈమె సగం అడుగు జరిగి కప్పేస్తుంది. నువ్వు ముందుదాన్నే చూస్తే ఎలా తెలుస్తుంది? నేను రోజంతా వరసలో కూర్చుని కుట్టేదాన్ని. పక్కమనిషి తప్పితే ఎవరు సర్దుతారో నాకు తెలుసు."

"జనం ఓట్లేసింది ముందుదానికి!"

"నా ఒక్క ఓటూ చివరిదానికి!"

"చివరిదానికి ఓటెయ్యడం ఉండదప్పా! దాని పేరే ఎవరికీ తెలీదు!"

"పేరు తెలియకపోతే మనిషి కాదా?"

ఉక్కట ఇటు ఒకసారి, అటు ఒకసారి తల తిప్పాడు. చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. డిస్కు అట్ట తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "ఏ పిల్ల?"

కనకరత్నం మోకాళ్ళ మీద జరిగి గోటితో చూపించింది.

"మొహమే కనబడట్లేదు."

"వెనక వరస కదా, ఊలే."

ఆయనకి నవ్వు వచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు. "ఇళ్ళలో ఆడపిల్లలు ఇలా అరుస్తుంటే ఊళ్ళో ఓట్లు ఎవరికి కావాలి," అంటూ లేచాడు. అట్టతో సహా రెండు డిస్కులూ భుజం సంచిలో వేసుకున్నాడు. గుమ్మంలో ఆగి వీరలక్ష్మితో అన్నాడు. "రేపు పొద్దున ముసలాయన్ని తీసుకురా. కాగితం రాసి ఇస్తాను. డబ్బా తేవద్దు."

చెప్పుల చప్పుడు కింద దాకా విన్నాం. కనకరత్నం లేచి తన చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడికెల్తావు? కూకో సెల్లీ. అన్నం తిని ఎల్దువు," అంది వీరలక్ష్మి.

నేను ఊరుకోలేకపోయాను. "ఆయాల ఆపీసుల బల్ల మీద నిన్ను సూసినాను."

"ఈ ఇంటి లిస్టుల నా పేరు లేదు బాబూ," అంది. "రాతిరి పడుకోడానికి వారం వారం ఎల్లి రాయించుకోవాల. గుమస్తా నోటికొచ్చినట్టు మాటాడతాడు. మీరు సూసినారని సిగ్గేసింది."

"మరి గింజెందుకెయ్యలేదు?"

చేతిలో చెప్పుల దుమ్ము దులిపింది. "ఫేక్టరీల ఓపాలి సెయ్యెత్తినాను, జీతాలు పెంచమని. ఎత్తినోల్లందరినీ గేటు బయట పెట్టినారు. ఇది రెండో ఫేక్టరీ." అంతే చెప్పింది. చెప్పులు మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టింది.

వీరలక్ష్మి గోంగూర, ఎండురొయ్యల కూర దించింది. నేను గోడకి ఆనుకుని, జరిగింది మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాను. ఉక్కట ఈ గదిలో తారని చూశాడు, తల్లిని చూశాడు, నన్ను చూశాడు, కనకరత్నాన్ని చూశాడు. గోడ మీద దేవుడి పటం కూడా చూశాడు. కోటేశ్వరి మొహం ఒక్కటే చూడలేదు. ఒక్కసారి కూడా. వెనక పెట్టిన కాగితం ముందు వచ్చిన పిల్ల. ఆఫీసులో ఆ పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందని అడిగి ఉంటారు. పదిహేడేళ్ళ పిల్ల. చెప్పి ఉంటుంది.

కోటేశ్వరి లేవబోయింది. "అమ్మ ఎదురుసూత్తాది..."

"కూకో," అంది వీరలక్ష్మి. ఆమె మొహం నాకు కనబడలేదు, కుండ వైపు ఉంది.

తార పళ్ళేలు పరిచింది. నాకొకటి, కనకరత్నానికొకటి, తల్లికొకటి. తనకీ కోటేశ్వరికీ మధ్య, ఎప్పటిలాగే, ఒకటే పెట్టింది. పెట్టేటప్పుడు చెయ్యి కాస్త ఆగిందో లేదో, నేను సరిగ్గా చూడలేకపోయాను.

వీరలక్ష్మి అందరికీ ఒకే లెక్కన వడ్డించింది. కోటేశ్వరి చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది. తార ఒక రొయ్యని వేలితో అటువైపు జరిపింది. బయట మబ్బు ఏటి మీది నుంచి ఇళ్ల మీదికి వచ్చేసింది. గదిలో చీకటి పడింది. దీపం వెలిగిద్దామని ఎవరూ అనలేదు. ఒకే పళ్ళెంలోంచి రెండు చేతులు ముద్దలు తీస్తున్నాయి. కనకరత్నం తలొంచుకుని తింటోంది.

నేనూ తిన్నాను.