లేవని బల్ల

మెట్ల కింది కొట్టు షట్టరు చప్పుడు వినిపించిందంటే ఎనిమిదిన్నర అయినట్టే. ఆ వీధివాళ్ళు పొద్దున పూట గడియారం చూసుకోవడం ఎప్పుడో మానేశారు. కొట్టు ఆరడుగుల వెడల్పు ఉంటుంది, పొడవు అంత కూడా ఉండదు. లోపల ఏడు సొరుగులున్న చెక్క బల్ల, మెడ వంచే దీపం, ఎత్తు స్టూలు. స్టూలు మీద కళ్ళజోళ్ళావిడ. ఊడిన అద్దాలు బిగించడం, విరిగిన కాడలు మార్చడం, ఎవరో చూసుకోకుండా మీద కూర్చుని వంకర చేసిన ఫ్రేముని వేడి చేసి దారికి తేవడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని.

కళ్ళజోడు తీసి ఆవిడ చేతికిచ్చిన మనిషికి ఎదుటి మొహం సరిగ్గా కనపడదు. మొహం కనపడకపోతే నోరు తేలికవుతుంది. అందుకని ఆ వీధి గుట్టంతా ఆవిడ కడుపులోనే ఉండేది. ఎవరింట్లో ఎవరికి పడటం లేదో, ఎవరు ఎవరికి చెప్పకుండా ఏం వెలగబెడుతున్నారో అన్నీ ఆవిడకి తెలుసు, ఒక్క సొంత మొగుడి సంగతి తప్ప. దీపం కింద చీకటి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మొగుడు లిఫ్టు మెకానిక్. ఆ ఊళ్ళో మేడలకి కొదవ లేదు, అతనికి పనికీ కొదవ లేదు. రోజంతా చీకటి గోతుల్లో దిగి, తీగలు సవరించి, జనాన్ని పైకీ కిందికీ క్షేమంగా పంపేవాడు. నలభై దాటాక దగ్గర చూపు తగ్గింది. ఆరేళ్ళలో కళ్ళజోడు మూడుసార్లు విరగ్గొట్టుకున్నాడు. మూడుసార్లూ ఆవిడే బాగుచేసి, అతని ముక్కు మీద పెట్టి సరిచూసి ఇచ్చింది.

ఒక సాయంత్రం భోజనం దగ్గర అతను అన్నాడు, "ఈ ఊరు మనల్ని నమిలేస్తోందే. చిన్న ఊరికి పోదాం."

ఆరు గంటల ప్రయాణమట. ఇక్కడి అద్దెలో సగానికే రెండింతల ఇల్లట. కిటికీ తీస్తే ఎదురింటి గోడ కాకుండా ఆకాశం కనిపిస్తుందట.

ఆవిడ తొందరపడే రకం కాదు. ఒక స్క్రూ పట్టకపోతే ఎందుకు పట్టలేదో చూసి గానీ రెండోది తీయదు. నోటుబుక్కు తెచ్చుకుని రాయడం మొదలుపెట్టింది. నీళ్ళు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? జ్వరమొస్తే డాక్టరు ఎంత దూరం? వాన పడితే వీధిలో నడవగలమా? అక్కడి జనం కొత్తవాళ్ళని పలకరిస్తారా, కిటికీలోంచి చూసి ఊరుకుంటారా? నచ్చకపోతే తిరిగి రావడానికి ఇక్కడేమైనా మిగులుతుందా? అక్కడ కళ్ళజోళ్ళు బాగుచేసేవాళ్ళు ఎంతమంది? మూడంతస్తులు దాటిన మేడ లేని ఊళ్ళో లిఫ్టు మెకానిక్ ఏం చేస్తాడు?

మొత్తం ఇరవై మూడు ప్రశ్నలు. పదిరోజుల పాటు అతను ఓపిగ్గా ఒక్కొక్కదానికీ జవాబు తెచ్చాడు. కళ్ళజోళ్ళు బాగుచేసేవాళ్ళు అక్కడ ఒక్కరంటే ఒక్కరు లేరు. జనం కళ్ళజోళ్ళకి దారాలు కట్టుకుని తిరుగుతున్నారు. ఇక లిఫ్టుల సంగతంటావా, కొత్త ఆసుపత్రి లేస్తోంది, నాలుగు లిఫ్టులు పెడుతున్నారు, అతన్ని తీసుకుంటామని మాటిచ్చారు. కాకపోతే ఇక్కడి కంపెనీ ఒక నెల వదలనంటోంది. ఆవిడ సామానుతో ముందు వెళ్ళాలి. అతను ఒక చాపా ఒక స్టవ్వూ పెట్టుకుని ఈ ఇంట్లోనే నెల గడిపేసి, పనిముట్ల సంచీతో వచ్చేస్తాడు.

"నాకు కావాల్సినవి అక్కడ దొరుకుతాయంటారా? స్క్రూలూ, ముక్కు దగ్గర పెట్టే మెత్తలూ?"

"చిన్న ఊరైతే మాత్రం? అన్నీ దొరుకుతాయే పిచ్చిదానా."

ఒక్క ప్రశ్న మాత్రం ఆవిడకి రాయాలని తోచలేదు. మీరు వస్తారా అని. పక్కన కూర్చుని పెన్ను అందిస్తున్న మనిషిని ఆ మాట ఎవరడుగుతారు?

ఇల్లు మారే పద్ధతి ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే. రావాలని లేని మనిషి సామాను లేవదు. సగం మనసుంటే రెట్టింపు బరువుతో లేస్తుంది, అసలు మనసే లేకపోతే పదిమంది పట్టినా గుమ్మం దాటదు. అందుకే సామాను మోసే మేస్త్రీలు రాగానే ఇంట్లో ఒక్కొక్కరి దిండు ఎత్తి చూస్తారు. దిండ్లు లేచాకే లారీ వెనక తలుపు తీస్తారు. ఒక కోడలి దువ్వెన లారీని మూడు రోజులు ఆపిన కథని ప్రతి మేస్త్రీ తన కళ్ళెదుట జరిగినట్టే చెబుతాడు. కొత్తగా కొన్న వస్తువులకి మాత్రం ఈ పట్టింపు లేదు. ఏడాదైనా వాడితే గానీ వస్తువుకి మనిషి మనసు అంటదు. అప్పటిదాకా అది ఎటు తీసుకెళ్తే అటు వస్తుంది.

బయల్దేరే ముందు నెలలో అతను కొత్త దిండు కొన్నాడు. మెడ నొప్పన్నాడు. కొత్త చెప్పులు, ఆరు కొత్త చొక్కాలు, కొత్త దుప్పటి, గడ్డం గీసుకునే కొత్త సామాను, ఆఖరికి కొత్త కళ్ళజోడు. పాతవన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు.

"కొత్త ఊరు, కొత్త కాపురం" అన్నాడు నవ్వుతూ.

ఆవిడ మురిసిపోయింది. ఇన్నేళ్ళకి మొగుడికి సరదా పుట్టిందని పై వాటా పెద్దావిడకి చెప్పుకుని సిగ్గుపడింది కూడా. ఆ మురిపెంలోనే కొట్టు తాళంచెవి ఫోను కవర్లు అమ్మే ఒకతనికి ఇచ్చేసింది. అతను మర్నాటికల్లా బోర్డు మార్చేశాడు. ఇద్దరు మనుషులు బల్లని మోసుకొచ్చి ఇంట్లో ముందు గదిలో పెట్టారు.

లారీ రోజున మేస్త్రీ నలుగురిని వెంటబెట్టుకుని తొమ్మిదింటికి వచ్చాడు. ముందు అతని దిండు ఎత్తాడు. చిటికెన వేలితో లేచింది.

"సారుది మంచి హుషారు మీదుంది" అన్నాడు. తర్వాత ఆవిడ దిండు ఎత్తి కాస్త మూలిగాడు. "అమ్మది బరువుందే. కొట్టు గుర్తొస్తోందా అమ్మా?"

"రాదా మరి?"

"పర్లేదులెండి. మామూలే. లేస్తుంది కదా."

గిన్నెలు ఎక్కాయి, మంచం ఎక్కింది, బీరువా కాస్త సణిగి ఎక్కింది. అతని పెట్టెని ఒక కుర్రాడు ఈల వేసుకుంటూ తీసుకెళ్ళాడు. పదకొండు గంటలకి బల్ల ఒక్కటే మిగిలింది. నలుగురు నాలుగు కాళ్ళూ పట్టారు. "హా" అన్నారు. బల్ల కదల్లేదు. మేస్త్రీ కూడా చెయ్యి వేశాడు. నేలలోంచి మొలిచినట్టు నిలబడింది.

అందరూ ఆవిడ వైపు చూశారు. బల్ల ఆవిడది కదా.

"చూశావా? ఇష్టం లేదని ముందే చెప్పొచ్చుగా. నేను బలవంతపెట్టానా?" అన్నాడు మొగుడు. గొంతులో కోపం లేదు. ఓదార్పు లాంటిది ఉంది. ఆవిడకి అదే ఎక్కువ బాధేసింది.

"నాకు ఇష్టమేనండీ. ఒట్టు. ఎందుకిలా చేస్తోందో..."

"పైకి ఇష్టమే అంటావు. లోపల ఏముందో వస్తువుకి తెలీదూ?"

ఆవిడ నిజంగానే లోపలికి చూసుకుంది. షట్టరు చప్పుడు గుర్తొచ్చింది. సగం చూపుతో కూర్చుని కబుర్లు చెప్పే మనుషులు గుర్తొచ్చారు. నిజమే కాబోలు, నా మనసే ఈ మనిషికి అడ్డం పడుతోంది కాబోలు అనుకుంది. "నాదే తప్పండీ. క్షమించండి" అంది, అయిదుగురు పరాయివాళ్ళ ఎదుట.

అతను పెద్దమనసుతో తలూపాడు. ఆ తల ఊపడాన్ని ఆవిడ తర్వాత ఎన్నో ఏళ్ళు మర్చిపోలేదు.

మేస్త్రీ ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు మార్పిస్తున్నవాడు. గడ్డం గోక్కున్నాడు. "ఉండండమ్మా. దిండు లేచిన మనిషిది బల్ల లేవకపోవడం ఏమిటి? సొరుగులు చూద్దాం."

మొదటి సొరుగులోని ఫ్రేములు బయటికి వెళ్ళి లారీ ఎక్కాయి. రెండోదానిలోని అద్దాలు ఎక్కాయి. కాడలు, మెత్తలు, గుడ్డ పీలికలు, పట్టకార్లు, ఒక్కో సొరుగూ ఖాళీ అవుతూ వచ్చింది. ఏడో సొరుగులో స్క్రూల డబ్బా ఉంది. అదీ లేచింది, మేస్త్రీ దాన్ని ఆవిడ చేతికిచ్చాడు. డబ్బా వెనక గోధుమరంగు కళ్ళజోడు పెట్టె ఉంది. మేస్త్రీ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. తర్వాత గుప్పెటతో పట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులా పట్టుకుని లాగాడు. మెడ మీద నరం ఉబ్బింది గానీ పెట్టె లేవలేదు.

మూత తెరిచాడు. "ఇదెవరిదమ్మా?"

"ఆయన పాతది" అంది ఆవిడ. "ఎవరికో ఇచ్చేయబోతుంటే నేనే తీసి దాచాను. కొత్తది విరిగితే ఉంటుందని. కాడ స్క్రూ కాస్త వదులైంది, అక్కడికెళ్ళాక తీరిగ్గా బిగిద్దామని..."

ఆ మాట సగంలో ఆవిడకే అర్థమైంది. దిండు అర్థమైంది, చెప్పులు అర్థమయ్యాయి, ఆరు చొక్కాలూ అర్థమయ్యాయి.

మేస్త్రీ ఎవరి మొహమూ చూడలేదు. కుర్రాళ్ళని నీళ్ళు తాగి రమ్మని పంపాడు. తర్వాత గోడతో చెప్పినట్టు అన్నాడు, "పోయే సామాన్లోంచి ఎవరి వస్తువు వాళ్ళు తీసుకుంటే వస్తుంది సార్. మీరే తీసి పక్కన పెట్టండి."

అతను వచ్చి ఆ పెట్టెని తీశాడు. ఎంత సులువుగా వచ్చిందో! కళ్ళజోడు బయటికి జారి పడబోతే పట్టుకుని నేల మీద పెట్టాడు.

"ఆసుపత్రి?" అంది ఆవిడ.

మేస్త్రీయే నెమ్మదిగా అన్నాడు, "మా అక్కది ఆ ఊరేనమ్మా. ఆసుపత్రి ఉంది. రెండంతస్తులు. మెట్లే."

"ఎవరైనా ఉన్నారా?" అంది మొగుడి వైపు తిరిగి.

"ఎవరూ లేరు. నీ మీద ఒట్టు. ఒక్కణ్ణే ఉందామనిపించింది, అంతే. నీ మొహం చూసి ఎలా చెప్పను? ఒక నెల అంటాను, ఇంకో నెల అంటాను, ఈలోగా నీకక్కడ అలవాటైపోతుంది, నువ్వే అర్థం చేసుకుంటావనుకున్నాను. మంచి ఇల్లే చూశాను. నిజంగా మంచి ఇల్లు."

ఒక్క మాట చెప్పడం చేతకాక మనిషి మనిషిని ఆరు గంటల దూరం పంపేద్దామనుకున్నాడు. దానికోసం ఇరవై మూడు జవాబులు తయారుచేశాడు. ఆవిడ చేత కొట్టు మూయించాడు. ఇందాక క్షమించమని అడిగితే తల కూడా ఊపాడు. వేరే ఆడమనిషి ఉందని చెప్పినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒకరుండేవారు అనిపించింది ఆవిడకి.

"ఏం చేద్దామమ్మా?" అన్నాడు మేస్త్రీ. "దింపమంటే దింపేస్తాం. డబ్బులేం వద్దు."

దింపి ఎక్కడ పెట్టుకోవాలి? కొట్టుకి బోర్డు మారిపోయింది. ఇంట్లో ఉండేది ఈ మనిషి. పోనీ ఆ ఊరు వెళ్ళాలనుందా అంటే, అదీ తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే దారి.

"బల్ల ఎత్తి చూడండి" అంది.

మేస్త్రీ కుర్రాళ్ళని పిలవబోయి ఎందుకో ఆగాడు. వంగి అంచు కింద ఒక చెయ్యి పెట్టాడు. బల్ల లేచింది. వారం కింద ఇద్దరు ఆపసోపాలు పడుతూ మోసుకొచ్చిన బల్ల ఒంటి చేత్తో, ఖాళీ పళ్ళెం లేచినట్టు లేచింది. అతను దాన్ని గుమ్మం దాటించి, లారీ ఎక్కించి వచ్చాడు. చెమట కూడా పట్టలేదు.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. పద్దెనిమిదేళ్ళున్న ఊరు. కాస్తయినా బరువుంటుందనుకుంది. ఎక్కడో ఒక మూల, ఒక సొరుగు అయినా పట్టుకుని వేలాడుతుందనుకుంది.

కళ్ళు తుడుచుకుని కొంగున ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవర్ తీసింది. కళ్ళజోడు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఒకసారి వేళ్ళతో ఎత్తి చూసింది. లేవలేదు. అతనిది, ఇక్కడే ఉంటుంది. నేల మీదే ఉంచి కాడని నెమ్మదిగా పట్టుకుంది.

బిగించబోతోందనుకున్నాడు మొగుడు. "ఇంత జరిగాక కూడా..." అంటూ తానూ ఎదురుగా కూర్చున్నాడు.

ఆవిడ స్క్రూడ్రైవర్ ఎడమవైపుకి తిప్పింది. మూడోసారి విరిగినప్పుడు తన డబ్బాలోంచి వేసిన స్క్రూ అది, నువ్వుగింజంత. నాలుగు చుట్లకి ఊడి ఆవిడ వేలికి అంటుకుని పైకి వచ్చింది. తనది కాబట్టి బరువే లేదు. దాన్ని డబ్బాలో వేసుకుని మూత పెట్టింది. కాడ విడిపోయి నేల మీద పక్కకి వాలింది.

లారీలో డ్రైవరు పక్కన చోటు చేశారు. ఆవిడ ఎక్కి కూర్చుంది. ఒళ్ళో స్క్రూల డబ్బా, దాని మీద నోటుబుక్కు. అతను ఒక చేతిలో కళ్ళజోడు, ఒక చేతిలో కాడ పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేంటే, దీనికి ఇంకో స్క్రూ ఎక్కడ దొరుకుతుంది నాకు?"

"పెద్ద ఊరు కదండీ" అంది ఆవిడ. "అన్నీ దొరుకుతాయి."